కడుపుతో ఉన్నప్పుడు బరువు లెక్క చూసుకోవాలా, ఆకలిని నమ్ముకోవాలా?

ఐదోనెల_తిరుపతి
నా ఎత్తు 158 సెంటీమీటర్లు. నెల తప్పక ముందు 68 కిలోలు, ఇప్పుడు 73. మొన్న చెకప్‌లో డాక్టరమ్మ "నీ ఒంటికి మొత్తం మీద 7 నుంచి 11.5 కిలోలు పెరిగితే చాలు. ఇప్పటికే 5 అయింది, చూసుకో" అన్నారు. ఇంట్లో చెప్తే మా అత్త ఒప్పుకోలేదు. "ఇద్దరికి తినాల్సిన టైములో కొలతలేంది? నేను ముగ్గుర్ని కన్నా, ఒక్కరోజు కూడా మిషన్ ఎక్కలేదు" అంటుంది. పొద్దున్నే నెయ్యి కారే పొంగలి, సాయంత్రం లడ్డు. వద్దంటే మొహం ముడుచుకుంటుంది. మా ఆయన ఎవరి పక్కా మాట్లాడడు, ఫోన్ చూసుకుంటాడు. టెన్షన్‌గా ఉంది. రాత్రి అన్నం మానేద్దామనుకుంటున్నా. మానొచ్చా?

పుత్తూరు_పెద్దమ్మ
మానొద్దు తల్లీ. మా అమ్మాయి ఇట్లాగే అంకెలకు భయపడి రాత్రి రెండు పుల్కాలతో సరిపెట్టుకునింది. బిడ్డ 2.1 కిలోలు పుట్టాడు. దానివల్లే అని డాక్టర్లు అనలేదు, నేనంటున్నా. ఆకలేస్తే తినాల, అంతే.

పలమనేరు_పిల్ల
పెద్దమ్మా, మా ఇంట్లో కథ తిరగబడింది. నేను 41 కిలోలు, 155 సెంటీమీటర్లు. నాకు 12.5 నుంచి 18 కిలోల దాకా పెరగాలన్నారు. మా జేజి మాత్రం "ఎక్కువ తింటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుంది" అని కంచంలో ముద్ద తగ్గించేది. అంగన్వాడీలో ఇచ్చే గుడ్లు, పాలు లేకపోతే నా పని అయిపోయేది. ఒక ఇంట్లో కుక్కి పెడతారు, ఇంకో ఇంట్లో కడుపు మాడుస్తారు. రెండూ ప్రేమే అంటారు.

పోషకాహారం_చదివా
ఇక్కడ గొడవంతా "ఇద్దరికి తినాలి" అన్న మాటతోనే వస్తోంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం గర్భిణికి రోజుకు అదనంగా కావాల్సింది సుమారు 350 కేలరీలు. మొదటి మూడు నెలల్లో అదీ పెద్దగా అక్కర్లేదు. 350 అంటే ఒక గ్లాసు పాలు, ఒక ఉడికిన గుడ్డు, ఒక గుప్పెడు శెనక్కాయలు. అంతే. రెండో మనిషి భోజనం కాదు. కొండ మీద యాభై రూపాయలకు ఇచ్చే లడ్డు ఒక్కటి పూర్తిగా తింటే ఆ లెక్క దాటిపోతుంది. (ప్రసాదాన్ని కాదంటున్నానని తిట్టుకోకండి, ముక్క తుంచుకుని మిగతాది పంచండి.)

పెరిగే బరువంతా కొవ్వేమీ కాదు. బిడ్డ 3 కిలోలు, మాయ, ఉమ్మనీరు, పెరిగిన గర్భసంచి, పెరిగిన రక్తం, ఒంట్లో చేరే నీరు ఇవన్నీ కలిసినవే ఎక్కువ. మిగిలిన కొవ్వు పాలివ్వడానికి దాచుకున్న నిల్వ. సన్నగా ఉన్నవాళ్లకు ఆ నిల్వ ఉండదు కాబట్టి పలమనేరు చెల్లికి ఎక్కువ చెప్పారు, ఈమెకు ముందే ఉంది కాబట్టి తక్కువ చెప్పారు. అంకె వేరైనా లెక్క ఒకటే.

రాత్రి అన్నం మానేయడం మాత్రం తప్పు. కడుపుతో బరువు తగ్గించుకునే ప్రయత్నం చేయకూడదు. అన్నం తగ్గించి పప్పు, ఆకుకూర పెంచండి. నెయ్యి ఒక చెంచా చాలు.

సంగటి_ప్రియుడు
మా ఇంటావిడకు షుగర్ వస్తుందేమోనని రాగిసంగటి పెడుతున్నాం. ఎంతైనా తినొచ్చా?

పోషకాహారం_చదివా
రాగిలో కాల్షియం బాగుంటుంది, మంచిదే. కానీ సంగటిలో బియ్యమూ ఉంటుంది, రెండూ పిండిపదార్థమే. ముద్ద సైజు ముఖ్యమన్నా. షుగర్ ఉందో లేదో సంగటి చెప్పదు, 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి చేసే పరీక్ష చెప్తుంది.

పుత్తూరు_పెద్దమ్మ
ఆ 7, 11.5 అనేది 2009లో అమెరికావాళ్లు వేసిన పట్టిక కదా? మా అమ్మాయి చూపించింది. వాళ్ల ఒళ్లూ మన ఒళ్లూ ఒకటేనా?

పోషకాహారం_చదివా
ఈ మాట ఒప్పుకుంటా పెద్దమ్మా. ఆ పట్టికలో బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే అంకె) 25 దాటితే అధిక బరువు. మనవాళ్లకు 23 దాటగానే అధిక బరువు అంటారు. అందుకే ఒకే మనిషికి ఇద్దరు డాక్టర్లు రెండు అంకెలు చెప్పొచ్చు. ఈమెది 27, ఎట్లా చూసినా అధికమే. పట్టిక పర్ఫెక్ట్ కాదు, సరే. కానీ అది లేకపోతే మిగిలేది అత్తగారి అంచనానే. ఇంకో మాట: ఉన్నట్టుండి వారంలో కిలోకి మించి పెరిగి, మొహం, చేతులు వాచి, తలనొప్పి ఉంటే తిండి లెక్కలు పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి పోవాలి. అది బీపీ కావచ్చు.

పుత్తూరు_పెద్దమ్మ
అది నిజమే. నేనూ చూశా. అమ్మీ, పెరటాసి నెలలో వెంకన్నకని శనివారాలు ఒక్కపొద్దు మాత్రం ఉండొద్దు నువ్వు. స్వామి ఏమనుకోడు.

ఐదోనెల_తిరుపతి
రాత్రి ఒక గరిటె అన్నం, రెండు గరిటెల పప్పు. రెండు వారాలయింది, అరకిలో పెరిగా, డాక్టరమ్మ బాగుందన్నారు. మా ఆయన నోరు తెరవలేదు గానీ బరువు మిషన్ కొనుక్కొచ్చి హాల్లో పెట్టాడు. నిన్న ఎవరూ లేరనుకుని మా అత్త ఎక్కింది. 81. లడ్డు డబ్బా పక్కింటికి పోయింది.