హామ్ రేడియోలో 7.080 మెగాహెర్ట్జ్ మీద మాట అర్థం కావాలంటే ఫిల్టర్ ఎంత పెట్టుకోవాలి?

అల్లూరు నుంచి:
అందరికీ నమస్కారం. సరదాగా ఇంటి నుంచి రేడియోలో మాట్లాడుకునే హామ్ లైసెన్స్ వచ్చి ఏడాదైంది. మా ఇల్లు రొయ్యల గుంటల పక్కనే. పొద్దున పూట 7.080 మెగాహెర్ట్జ్ మీద మన జిల్లాల వాళ్ల మాటలు వింటుంటాను. పక్కన 7.078లో ఇంకొకరు మాట్లాడుతుంటే కీచుకీచుమని నా మీదకొస్తోంది. అందుకని ఎంత వెడల్పు శబ్దాన్ని లోపలికి రానివ్వాలో చూసే ఫిల్టర్‌ని 2.7 కిలోహెర్ట్జ్ నుంచి 1.5కి తగ్గించాను. కీచు పోయింది, మాట కూడా దుప్పటి కప్పుకున్నట్టు అయిపోయింది. నిన్న ఒక పెద్దాయన తన ఊరు మూడుసార్లు చెప్పారు. నాకు "ఊమ..." అనే వినిపించింది, చాలా బాధేసింది. పైగా గుంటల నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతుంటే ఒకటే గరగర. ఏం చేయమంటారు?

ఒంగోలు నుంచి:
తమ్ముడూ, 1.5 మాటకు చాలదు. మనం వాడే సైడ్‌బ్యాండ్‌లో (సిగ్నల్‌ని ఒక పక్క మాత్రమే పంపే పద్ధతి) గొంతు సుమారు 300 నుంచి 2700 హెర్ట్జ్ దాకా వస్తుంది. క, చ, త తేడా తెలిపే శబ్దం ఎక్కువగా 1500 పైనే ఉంటుంది. 'ఈ'ని 'ఊ' నుంచి వేరుచేసేది 2000 పైన. దాన్ని కోసేస్తే 'ఈ' కూడా 'ఊ' లాగే వినపడుతుంది.

నేను మామూలుగా 2.4లో ఉంచుతాను, బ్యాండ్ (7 మెగాహెర్ట్జ్ దగ్గర మనం మాట్లాడుకునే జాగా) ఖాళీగా ఉంటే 2.7. మరీ ఇబ్బందైతే 1.8, అదీ 400 నుంచి 2200 వరకు. 2.7 నుంచి 1.8కి దిగినా బ్యాండ్ హోరు తగ్గేది 2 డెసిబెల్స్ లోపే.

అసలు చూడాల్సింది ఏ అంచు కోయాలన్నది. మనది లోయర్ సైడ్‌బ్యాండ్ కదా, అంటే గొంతు చెప్పిన ఫ్రీక్వెన్సీకి కింది వైపు పరుచుకుంటుంది, అందుకే 7.078 ఆయన గొంతు నీ రిసీవర్‌లో 2300 పైన పడుతుంది. పై అంచు 2250కి దించు, చాలు. అదే ఆయన 7.082లో ఉంటే గొంతు 700 కింద గుడగుడమంటుంది. అప్పుడు పై అంచు ముట్టుకోకు, కింది అంచుని 600కి పెంచు.

కావలి నుంచి:
గరగర ఫిల్టర్‌తో పోదండీ, అది బ్యాండంతా పరుచుకుని ఉంటుంది. ఏరేటర్లు ఆపితే రొయ్య బతకదు, కాబట్టి అది వద్దు. చిన్న ఏఎం రేడియో పట్టుకుని ప్యానెల్ బోర్డు చుట్టూ తిరగండి. నిప్పురవ్వలు కొట్టే కాంటాక్ట్ ఉంటే దగ్గరికెళ్లేకొద్దీ మోత పెరుగుతుంది. దాన్ని ఎలక్ట్రీషియన్ చేత మార్పించండి, మీరు చెయ్యి పెట్టొద్దు. యాంటెన్నా కూడా గుంటల వైపు నుంచి ఇంటి అవతలికి మార్చండి.

అల్లూరు నుంచి:
అన్నా, 300 నుంచి 2250 పెట్టాను. ప్యానెల్ పని రేపు. ఇవాళ పొద్దున ఆ పెద్దాయనే మళ్లీ దొరికారు. ఒక్కసారి చెప్పగానే అందింది. ఆయనది చీమకుర్తి.