వికీసోర్సు పోటీలో మార్కులు దేనికి: దిద్దిన పేజీలకా, మిగిల్చిన తప్పులకా?

పొత్తపు_పురుగు
పాత పుస్తకాల స్కానులని ఔత్సాహికులు దిద్ది చదవగలిగే పాఠంగా మార్చే చోటు వికీసోర్సు. అక్కడి పోటీకి ఇప్పుడున్న ప్రతిపాదన: పేజీ అచ్చుదిద్ది పసుపు (దిద్దాం అనే గుర్తు) చేస్తే 3 మార్కులు, వేరొకరు దిద్దినదాన్ని సరిచూసి ఆకుపచ్చ చేస్తే 1. మొత్తం ఎక్కువ వచ్చినవారు పట్టికలో పైన. దీంతో తెలిసేది ఎవరి చెయ్యి వేగమో మాత్రమే, ఎవరి పని మంచిదో కాదు.

గళ్ళచొక్కా
వేగం ఏం పాపం చేసిందండీ? ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలని యంత్రంతో చదివించడం) చేసి దిద్దకుండా వదిలేసిన ఎర్ర పేజీలు గుట్టలుగా పడున్నాయి. తప్పులు పట్టడానికి రెండో మనిషి ఉండనే ఉన్నారు. దిద్దినవారికే ఆకుపచ్చ గుండీ కనబడదు కదా.

పొత్తపు_పురుగు
ఆ రెండో మనిషికి ఒక్క మార్కేనంటే చదవరు, నొక్కేస్తారు. ఇద్దరు జట్టు కడితే మరీ సులువు. పాత అచ్చు పుస్తకం ఓసీఆర్‌లో ఏమవుతుందో చూడండి: అరసున్న ఎగిరిపోయి 'వాఁడు' కాస్తా 'వాడు' అవుతుంది. వలపలగిలకని (పాత అచ్చులో 'ర్'కి బదులు తర్వాతి అక్షరం పక్కన వేసే గుర్తు) తొమ్మిది అంకె అనుకుని 'ధర్మము'ని 'ధమ౯ము' చేస్తుంది. థ, ధ తారుమారవుతాయి. అన్నిట్లోకీ దొంగ తప్పు, నిండుసున్న ఉండాల్సిన చోట తెలుగు సున్న అంకె పడటం. కంటికి రెండూ ఒకటే. వెతికితే మాత్రం ఆ మాట దొరకదు. ఇవన్నీ ఆకుపచ్చ పేజీల్లోనే కనిపిస్తున్నాయి.

లెక్కల_మాస్టారు
సున్న అంకెని లెక్కలోంచి తీసేయండి. అక్షరాన్ని ఆనుకుని ఆ అంకె ఉన్నచోటల్లా బాటుతో (తనంతట తానే మార్పులు చేసే ప్రోగ్రాము) మార్పించవచ్చు, దానికి మనుషుల మార్కులు కోయనక్కర్లేదు. అరసున్న, వలపలగిలక, వత్తులు మాత్రం కంటితో చూడాల్సిందే.

ఒక్కొక్కరి పసుపు పేజీల్లోంచి చీటీ తీసినట్టు కొన్ని ఎంచి, పేరు చూపించకుండా మూడో మనిషికి ఇవ్వండి. స్కాను పక్కన పెట్టుకుని చదవాలి. వెయ్యి అక్షరాలకి 2 తప్పుల లోపైతే మంచి పేజీ. పేజీ చరిత్రలో రెండోవారు ఎన్ని మార్చారో చూస్తే చాలదా అంటారేమో, చాలదు. చదవకుండా నొక్కితే అక్కడ మార్పులు సున్నా, దిద్దినవారికి నూటికి నూరు!

ఇంకోటి, ఉత్త శాతంతో వరుస పెట్టకండి. 3 పేజీలు చూస్తే 3 బాగున్నవారు, 200కి 180 బాగున్నవారి నెత్తినెక్కుతారు. అందరికీ ముందే 10 పేజీలు, వాటిలో 8 మంచివి, ఉన్నట్టు కలపండి. మొదటివారికి 13కి 11, అంటే 84.6 శాతం. రెండోవారికి 210కి 188, 89.5 శాతం. ఇప్పుడు వరుస సరిపోయింది.

గళ్ళచొక్కా
లెక్క బాగానే ఉంది మాస్టారూ, కానీ నవల పేజీ, నిఘంటువు పేజీ ఒకటేనా? రెండు నిలువు వరుసలు, సంక్షిప్తాలు, చీమతలకాయంత అక్షరాలు. తప్పులు లెక్కపెడతామంటే నిఘంటువు జోలికి ఎవరూ పోరు. అందరూ పిల్లల కథలే పట్టుకుంటారు.

లెక్కల_మాస్టారు
అది నిజం. సాదా వచనానికి 1, టీకా తాత్పర్యాలున్న పద్యాలకి 2, పట్టికలకీ నిఘంటువులకీ 3 అని బరువు పెట్టవచ్చు. పోటీ మొదలవకముందే నిర్వాహకులు పుస్తకం మొత్తానికి ఒకటే వేయాలి. మధ్యలో మార్చనిస్తే బేరాలు మొదలవుతాయి.

నీలిగీత
అసలు మనుషులకి వరుస ఎందుకు? ఇలాగే ఔత్సాహికులు పుస్తకాలు దిద్దే డిస్ట్రిబ్యూటెడ్ ప్రూఫ్‌రీడర్స్ సైటులో మామూలుగా పేజీ పీ1, పీ2, పీ3 అని దిద్దుబాటు మెట్లెక్కుతుంది. పై మెట్టు మీద పనిచేయాలంటే అర్హత సంపాదించాలి. పని బాగున్నవారికి అక్కడ దక్కేది ఇంకా కష్టమైన పని. నాకదే నచ్చుతుంది.

పట్టిక ఉండి తీరాలంటే ఒకటి చేర్చండి. అక్షరం చిరిగినచోట, స్కానులో పేజీ తప్పినచోట 'సమస్యాత్మకం' అని నీలం పెట్టడమే సరైన పని. దానికి ఇప్పుడు సున్నా మార్కులు. అందుకే జనం ఊహించి పూరించి పసుపు చేసేస్తున్నారు.

గళ్ళచొక్కా
నీలానికి మార్కులిస్తే కష్టమైన పేజీలన్నీ నీలమైపోతాయి.

నీలిగీత
ఏ వరుసలో ఏ మాట కనబడలేదో చర్చాపేజీలో రాస్తేనే ఇవ్వండి. ఊరికే రంగు మారిస్తే వద్దు.