గోస్థని మొగలో బురద మేట మీద మడ మొక్కలు నాటాలా, వద్దా?

భీమిలి కుర్రాడు:
ఆదివారం మా కాలనీ వాళ్లం గోస్థని నది సముద్రంలో కలిసే మొగ దగ్గర మడ మొక్కలు నాటుదామనుకున్నాం. పాటు వేళ బయటపడే మేట ఒకటి ఖాళీగా ఉంది. అక్కడ పీతలున్నాయి, నాటొద్దని ఒక పెద్దాయన అన్నారు. మడ పెరిగితే పీతలకూ మంచిదే కదా?

ఉప్పుగాలి:
పెద్దాయన మాట వినండి తమ్ముడూ. ఆ మేట ఖాళీ కాదు. నీళ్లు దిగాక పది నిమిషాలు కదలకుండా కూర్చోండి. ముందు కన్నంలోంచి పుల్లల్లాంటి రెండు కళ్లు లేస్తాయి, తర్వాత పీత. మగదానికి ఒక డెక్క ఒంట్లో సగం తానే అన్నంత ఉంటుంది. అది తిండికి పనికిరాదు. ఊపి ఆడపీతను పిలవడానికీ, ఇంకో మగదానితో తలపడడానికే. తినేది చిన్న డెక్కతోనే. బురద తీసి నోట్లో పెట్టుకుని, అందులోని నాచు, సూక్ష్మజీవులు ఏరుకుని, మట్టిని చిన్న చిన్న ఉండలుగా వదిలేస్తుంది. ఆ నాచుకు ఎండ కావాలి. ఊపిన డెక్క కనబడాలంటే అడ్డం ఉండకూడదు. దట్టంగా నాటితే రెండూ పోతాయి.

గాజువాక వాసి:
2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ తుఫానుకి మా ఇంటి రేకులన్నీ ఎగిరిపోయాయండీ. ఉప్పెన జోరు కాస్తయినా తగ్గించేది మడే. విశాఖలో మేఘాద్రిగెడ్డ వాగు వైపు ఉన్న కాస్త మడా పోతుందేమోనని భయపడుతుంటే, నాటే పిల్లల్ని ఆపుతారా? మడ నీడలో బతికే పీతలూ ఉన్నాయి.

ఉప్పుగాలి:
ఉన్నాయండీ, కానీ ఇవి ఎండ కోరే రకం. నేను మడ వద్దనడం లేదు, చోటు గురించే నా గొడవ. అనువైన చోటైతే మడ కాయలు పోటుతో కొట్టుకొచ్చి వాటంతటవే మొలుస్తాయి. మరీ పల్లంలో నాటినవి మునిగి చచ్చిపోతాయి, ఈలోగా మన కాళ్ల కింద కన్నాలు పూడిపోతాయి. ఆ కన్నాల్లోంచే లోపలి బురదకు గాలి అందేది. తీరంలో కట్టడాలనూ పనులనూ నియంత్రించే 2019 సీఆర్‌జెడ్ నోటిఫికేషన్‌లో మడతో పాటు జీవమున్న బురద మేటల్నీ 1ఏ అనే, ఎక్కువ రక్షణ ఉన్న విభాగంలోనే పెట్టారు. మట్టి పోసి నీటి దారి మూసేసిన చోట్ల ఆ దారి తెరిపిద్దాం. అక్కడ నాటడానికి నేనూ వస్తా.

గాజువాక వాసి:
చోటు సంగతి ఒప్పుకుంటా. ఆ దారి తెరిచేదాకా ఎన్ని తుఫాన్లు చూడాలన్నదే నా టెన్షన్.

భీమిలి కుర్రాడు:
ఇవాళ పాటుకి వెళ్లి కూర్చున్నా. నా చెప్పు పక్కనే ఒకటి డెక్క ఊపుతూ నిలబడింది. ఆ మేట మీద నాటడం ఆపేశాం, మొక్కలు నర్సరీలోనే ఉన్నాయి. పైన చెట్లు కొట్టేసిన గట్టు అంచు ఒకటి ఉంది. పోటు నీళ్లు అక్కడ ఎంతసేపు నిలుస్తాయో ఆదివారం చూస్తాం. ఇద్దరూ రండి.