క్లౌడ్‌కి బ్యాకప్ కాపీ మధ్యలో ఆగిపోతోంది, పింగ్ మాత్రం బాగానే ఉంది. సాయం కావాలి

గాజువాక అడ్మిన్
నిన్న సాయంత్రం నుంచి దీంతోనే కుస్తీ పడుతున్నాను. మా ఫ్యాక్టరీ ఈఆర్‌పీని (స్టాకు, బిల్లులు, లెక్కలు నడిపే సాఫ్ట్‌వేర్) అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్ హైదరాబాద్ రీజియన్‌కి మారుస్తున్నాం. ఇక్కడి సర్వర్ రూమ్ నుంచి అక్కడి విండోస్ సర్వర్‌కి ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్ బ్యాకప్ ఫైల్ కాపీ పెడితే మొదలవుతుంది, కాసేపటికే వేగం సున్నాకి పడిపోతుంది, చివరికి "సెమఫోర్ టైమౌట్ పీరియడ్ హ్యాజ్ ఎక్స్‌పైర్డ్" అని ఎర్రర్ ఇస్తుంది. పింగ్ (అవతలి సర్వర్ అందుతోందా అని చూసే చిన్న పరీక్ష) ఒక్కటి కూడా డ్రాప్ కావట్లేదు. డేటాబేస్ చూసే మేనేజ్‌మెంట్ స్టూడియో కనెక్ట్ అవుతోంది. చిన్న క్వెరీకి జవాబు వస్తోంది, పెద్ద టేబుల్ అడిగితే అలా తిరుగుతూనే ఉంటుంది.

సెక్యూరిటీ గ్రూప్‌లో (క్లౌడ్ వైపు ఫైర్‌వాల్) అన్నీ తెరిచాను. యాంటీవైరస్ తీసేశాను. సర్వర్ సైజు పెంచాను. విండోస్ కాపీ కమాండ్ రోబోకాపీతోనూ అంతే. పోయిన వారం టెస్ట్ కాపీ ఏ గొడవా లేకుండా వెళ్లింది! ఆదివారం రాత్రి కటోవర్, అంటే పాత సర్వర్ ఆపి కొత్తదానికి మారడం. సోమవారం పొద్దున ఈ-ఇన్‌వాయిస్ రాకపోతే లారీ గేటు దాటదు. క్లౌడ్ వైపు ఏ సెట్టింగ్ మార్చాలో తెలిసినవాళ్లు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

ప్యాకెట్ వేటగాడు
మధ్యలో లింక్ ఏంటి? డైరెక్ట్ కనెక్టా (క్లౌడ్‌కి ప్రత్యేక లైన్), వీపీఎన్నా (ఇంటర్నెట్ మీద ఎన్‌క్రిప్ట్ చేసిన టన్నెల్)?

బిల్లు లెక్కలు
కాపీ సంగతి ఎలాగోలా తేలుతుంది. నేను అడిగేది వేరు. సర్వర్ సైజు పెంచానన్నారు, మళ్లీ తగ్గించారా? ఆ పెద్ద మెషీన్‌కి పని ఉన్నా లేకున్నా ఆన్‌లో ఉన్నంతసేపూ డబ్బు పడుతుంది. క్లౌడ్‌లోకి డేటా పంపడానికి చార్జీ లేదు గానీ, బయటికి తెచ్చుకుంటే జీబీ లెక్కన కట్టాలి. మీ రిపోర్టులన్నీ రోజూ ఫ్యాక్టరీకే కదా దిగేది, ఆ లెక్క ఎవరైనా వేశారా?

ఎస్‌క్యూఎల్ సర్వర్ లైసెన్స్ ఇంకో పెద్ద కథ. వర్చువల్ మెషీన్ ఎంత చిన్నదైనా కోర్ లెక్కన తీసుకుంటే కనీసం 4 కోర్లకు లైసెన్స్ ఉండాలి. పాత లైసెన్సుల్ని మామూలు క్లౌడ్ మెషీన్‌మీద వాడుకోవాలంటే సాఫ్ట్‌వేర్ అష్యూరెన్స్ (మైక్రోసాఫ్ట్‌తో అదనపు ఒప్పందం) ఉండాలి. చాలా కంపెనీలు ఇది వదిలేసి మెషీన్ అద్దె మాత్రం చూసి "చవకే" అనుకుంటాయి. సాఫ్ట్‌వేర్ కంపెనీ 37సిగ్నల్స్ 2022లో క్లౌడ్ వదిలేస్తున్నామని ప్రకటించి, మరుసటి ఏడాదికల్లా అప్లికేషన్లను సొంత సర్వర్లకు తెచ్చుకుంది. కారణం బిల్లే. ఫ్యాక్టరీ ఈఆర్‌పీకి లోడ్ రోజూ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. అలాంటిదాన్ని క్లౌడ్‌లో పెట్టే ముందు మూడేళ్ల ఖర్చు కాగితం మీద రాసి చూడాలి.

షిఫ్ట్‌లో ఉన్నా
ఏడబ్ల్యూఎస్ ఫైల్ స్టోరేజీ ఎస్3లోకి అప్‌లోడ్ చేసి అక్కడి నుంచి దించుకో. ఊళ్లు దాటించి ఎస్‌ఎంబీ (విండోస్ ఫైల్ షేరింగ్) ఎందుకు?

గాజువాక అడ్మిన్
వీపీఎన్. సైట్ టు సైట్. స్టేటస్ అప్ అనే చూపిస్తోంది, అందుకే నెట్‌వర్క్ మీద అనుమానం లేదు. ఎస్3కి పబ్లిక్ ఇంటర్నెట్ మీద పంపడానికి మా ఆడిట్ వాళ్లు ఒప్పుకోరు. బిల్లు గారూ, ఆ నిర్ణయం మేనేజ్‌మెంట్ తీసుకుంది, నా చేతిలో లేదు. ముందు ఫైల్ అవతలికి చేరాలి.

పాత డీబీఏ
బాబూ, ఫైల్ సైజెంత? కంప్రెషన్ పెట్టారా? ఒకే ఫైల్‌గా కాకుండా ఏడెనిమిది ముక్కలుగా బ్యాకప్ తీయండి. ఒక ముక్క ఆగితే అదొక్కటే మళ్లీ పంపొచ్చు. ఇంకో ముఖ్యమైన మాట: ఆదివారం దాకా ఆగి ఫుల్ బ్యాకప్ పంపాలనుకుంటే అయ్యే పని కాదు. ఫుల్ ఇప్పుడే పంపి, అక్కడ నో రికవరీలో (తర్వాతి బ్యాకప్‌లు ఎక్కించే వీలుండేలా) రిస్టోర్ చేసి ఉంచండి. ఆదివారం డిఫరెన్షియల్ (ఫుల్ తర్వాత మారినది మాత్రమే) పంపండి. అందరినీ లాగౌట్ చేయించాక టెయిల్ లాగ్ బ్యాకప్ (చివరి మార్పులు) ఒక్కటి తీసి ఎక్కిస్తే చాలు. పని ఆగేది అరగంటో గంటో, రాత్రంతా కాదు.

మేనేజ్‌మెంట్ నిర్ణయాన్ని తప్పుపట్టేవాళ్లకి ఒకటి చెప్పాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నేను విశాఖలోనే పనిచేస్తున్నాను. కరెంటు రోజుల తరబడి లేదు. మా సర్వర్ రూమ్ జనరేటర్‌కి డీజిల్ కోసం డబ్బాలు పట్టుకుని బంకుల చుట్టూ తిరిగాం. టేపులు ఉన్నాయి, కానీ అవీ అదే బిల్డింగ్‌లో, అదే బీరువాలో. సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లో డేటా మొత్తం ఒక గదిలో పెట్టుకుని మూడేళ్ల ఖర్చు లెక్కలేస్తే ఎలా? క్లౌడ్‌కి వెళ్తే డీఆర్ (విపత్తు తర్వాత సిస్టమ్‌ని మళ్లీ నిలబెట్టే ఏర్పాటు) ఉన్నట్టే.

బిల్లు లెక్కలు
పెద్దాయన అనుభవం మీద గౌరవం ఉంది. కానీ క్లౌడ్‌కి వెళ్లినంత మాత్రాన డీఆర్ రాదు. హైదరాబాద్ రీజియన్‌లో మూడు అవైలబిలిటీ జోన్లున్నాయి, అంటే వేర్వేరు డేటా సెంటర్లు. మీరు ఒక జోన్‌లో ఒక మెషీన్ పెట్టుకుంటే అది మళ్లీ ఒక గదే. రెండో జోన్‌లోనో ముంబైలోనో కాపీ నడపాలి, దానికి మళ్లీ ఖర్చు.

పాత డీబీఏ
బ్యాకప్ ఇంకో రీజియన్‌లో ఉంటే చాలదా?

బిల్లు లెక్కలు
అది బ్యాకప్ అవుతుంది గానీ డీఆర్ కాదండీ. డీఆర్ అంటే ఎన్ని గంటల్లో మళ్లీ నిలబడతారు, ఎన్ని నిమిషాల డేటా పోయినా తట్టుకుంటారు అనేవి ముందే రాసుకుని, ఏడాదికొకసారైనా నడిపి చూడటం.

పాత డీబీఏ
మీరు చెప్పేది పెద్ద బ్యాంకులకి. రెండు రోజుల్లో రిస్టోర్ చేసుకోగలిగితే ఫ్యాక్టరీకి అదే డీఆర్. హుద్‌హుద్ అప్పుడు మాకు ఆ పాటి దొరికినా చాలు.

ప్యాకెట్ వేటగాడు
ఈ చర్చకి వేరే థ్రెడ్ తెరవండి దయచేసి. గాజువాక గారూ, ఇక్కడి సర్వర్ నుంచి అక్కడికి పింగ్ చేయండి, కానీ ఎఫ్ (ప్యాకెట్‌ని ముక్కలు చేయొద్దు), ఎల్ (సైజు) స్విచ్‌లు రెండూ పెట్టి, సైజు 1472 ఇచ్చి. పోకపోతే కొంచెం కొంచెం తగ్గిస్తూ, ఎక్కడ మొదలవుతుందో ఆ అంకె చెప్పండి.

గాజువాక అడ్మిన్
1472కి రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్. 1394 పోతోంది, 1395 పోవట్లేదు. దీనర్థం ఏంటి? మామూలు పింగ్ బాగుంది కదా!

ప్యాకెట్ వేటగాడు
మామూలు పింగ్ విండోస్‌లో 32 బైట్లే పంపుతుంది. అంత చిన్నది ఎక్కడైనా దూరుతుంది. మీ సర్వర్ ఫైల్ పంపేటప్పుడు 1500 బైట్ల నిండు ప్యాకెట్లు పంపుతుంది. వీపీఎన్ దాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి పైన తన హెడర్లు తగిలిస్తుంది కాబట్టి లోపల అంత చోటుండదు. మీ టన్నెల్‌లో పట్టేది 1394కి పింగ్ హెడర్ల 28 కలిపి 1422 బైట్లు.

ప్యాకెట్ పట్టనప్పుడు మధ్యలో ఉన్న రౌటర్ "పెద్దదైంది, ముక్కలు చెయ్యాలి" అని ఐసీఎంపీ (పింగ్ కూడా వాడే నెట్‌వర్క్ సమాచార ప్రోటోకాల్) మెసేజ్ వెనక్కి పంపాలి. అది వచ్చి ఉంటే మీకు టైమౌట్ బదులు "ప్యాకెట్ నీడ్స్ టు బి ఫ్రాగ్మెంటెడ్" అని కనిపించేది. రాలేదంటే ఎవరో పింగ్‌కి మాత్రం అనుమతిచ్చి మిగతా ఐసీఎంపీ ఆపేశారు. మీ సర్వర్‌కి విషయం తెలియదు, అదే పెద్ద ప్యాకెట్ మళ్లీ మళ్లీ పంపుతూ చివరికి టైమౌట్ అవుతుంది. లాగిన్, చిన్న క్వెరీలు చిన్న ప్యాకెట్లు కాబట్టి పోతున్నాయి. క్లౌడ్ వైపు మార్చాల్సింది ఏమీ లేదు.

1422 చూస్తే పీపీపీఓఈ (బ్రాడ్‌బ్యాండ్ లాగిన్ పద్ధతి) లైన్‌లా ఉంది. అది 1500లో 8 బైట్లు తినేసి 1492 మిగులుస్తుంది. మీది లీజ్డ్ లైనా (మీకే కేటాయించిన లైన్), బ్రాడ్‌బ్యాండా?

గాజువాక అడ్మిన్
లీజ్డ్ లైనే. కాకపోతే మంగళవారం రోడ్డు పనుల్లో జేసీబీ ఫైబర్ తెంపింది, అప్పటి నుంచి అంతా స్టాండ్‌బై బ్రాడ్‌బ్యాండ్ మీద నడుస్తోంది. వెండర్ అబ్బాయి వచ్చి దాని మీద కొత్త టన్నెల్ కట్టి వెళ్లాడు. టన్నెల్ అప్‌లోనే ఉంది కదా, లైన్ ఏదైతే ఏంటి?

ప్యాకెట్ వేటగాడు
అదే ముందు చెప్పాల్సింది. ఫైర్‌వాల్‌లో పాత టన్నెల్ కాన్ఫిగ్, కొత్తది పక్కపక్కన పెట్టి చూడండి. పాతదాంట్లో టీసీపీ ఎంఎస్ఎస్ (ఒక ప్యాకెట్‌లో పట్టే డేటా పరిమితి) అని ఒక లైన్ ఉండాలి. కొత్తదాంట్లోనూ 1350 పెట్టండి. మీ లెక్క ప్రకారం 1422లోంచి హెడర్ల 40 తీస్తే 1382 దాకా పెట్టొచ్చు, కాస్త తగ్గించి పెడితే నిశ్చింత. రెండు వైపులా ప్యాకెట్ సైజు తగ్గిపోతుంది. సర్వర్లలో ఎంటీయూ (ప్యాకెట్ గరిష్ట సైజు) ముట్టుకోవద్దు. పెట్టాక పాత కనెక్షన్లు తెంచి మళ్లీ కనెక్ట్ అవ్వండి. ఈ సైజు కనెక్షన్ మొదట్లోనే తేలుతుంది కాబట్టి, నడుస్తున్నవాటికి వర్తించదు.

షిఫ్ట్‌లో ఉన్నా
ఐసీఎంపీ టైప్ 3 కోడ్ 4 (ఆ "పెద్దదైంది" మెసేజ్) కూడా తెరువు.

పాత డీబీఏ
బ్రాడ్‌బ్యాండ్ అయితే అప్‌లోడ్ వేగం చూసుకోండి. ఫైల్ సైజు అడిగాను, ఇంకా చెప్పలేదు.

గాజువాక అడ్మిన్
పాత టన్నెల్‌లో 1350 ఉంది, కొత్తదాంట్లో ఆ లైనే లేదు. పెట్టాను. కాపీ ఆగకుండా పోతోంది. కంప్రెస్ చేశాక 900 జీబీ, అప్‌లోడ్ 100 ఎంబీపీఎస్.

పాత డీబీఏ
లైన్ మొత్తం మీకే దొరికినా 20 గంటలు. పగలు ఆఫీసు వాడకం కూడా ఉంటుంది కాబట్టి ఒకటిన్నర రోజు అనుకోండి. ముక్కలు చేసే పంపుతున్నారా? చెక్‌సమ్‌తో (ఫైల్ పాడైతే పట్టిచ్చే లెక్క) తీశారా? అక్కడ వెరిఫై చేయకుండా టెయిల్ లాగ్ దాకా వెళ్లకండి.

ప్యాకెట్ వేటగాడు
కటోవర్ మధ్యలో లీజ్డ్ లైన్ తిరిగొస్తే ట్రాఫిక్ ఏ టన్నెల్‌కి మారుతుంది? బీజీపీయా (దారి దానంతటదే మారేది), స్టాటిక్ రూట్లా (చేత్తో రాసిన దారులు)? వెళ్లేది ఒక టన్నెల్‌లో, వచ్చేది ఇంకో టన్నెల్‌లో అయితే మీ ఫైర్‌వాల్ మధ్యలో సెషన్లు తెంచేస్తుంది.

బిల్లు లెక్కలు
ఆ పెంచిన మెషీన్ తగ్గించండి.

గాజువాక అడ్మిన్
ముక్కలు చేసే పెట్టాను, మూడోది నడుస్తోంది. థ్యాంక్స్ అందరికీ. రూట్ల సంగతి వెండర్ అబ్బాయిని అడగాలి, ఫోన్ ఎత్తట్లేదు.