చెవి మిషను పెట్టకపోతే మతిమరుపు వచ్చీస్తాదని చెప్పి అమ్మడం కరెక్టేనా?

ఇజీనారం అబ్బాయి:
మా నాన్నకి 71. జూట్ మిల్లులో మగ్గాల సెక్షన్లో ముప్పై ఏళ్ళు పనిచేసారు. ఇప్పుడు టీవీ పెడితే సౌండ్ వీధి చివరికి వెళ్తాది, మనం పిలిస్తే పలుకుతారు గాని చెప్పింది అర్థం అవ్వదు, పాలు తెచ్చానంటే కాలికి ఏటయిందిరా అంటారు. మొన్న ఒక మిషన్ల షాపుకి తీసుకెళ్తే ఫ్రీ టెస్టని పది నిమిషాల్లో చేసీసి, రెండు చెవులకీ లక్షా పదివేలు అవుద్ది, ఇప్పుడు పెట్టకపోతే రెండు మూడేళ్ళలో డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, గ్యారంటీ, ఫారిన్లో రీసెర్చ్ చేసి తేల్చీసారు అన్నాడు, అదీ నాన్న ఎదురుగానే. అప్పట్నుంచి కళ్ళజోడు ఎక్కడ పెట్టారో మర్చిపోయినా వచ్చీసింది కాబోలని భయపడిపోతన్నారు, రాత్రులు నిద్ర లేదు. ఇది నిజమా? ఇలగ చెప్పి అమ్మొచ్చా?

సిక్కోలు ఆడపడుచు:
నిజమే తమ్ముడూ, షాపాయన చెప్పిన తీరు బాలేదు గాని విషయం తప్పు కాదు. అమెరికాలో ఎచీవ్ అని పెద్ద ట్రయల్ చేసారు, 2023లో లాన్సెట్ అనే డాక్టర్ల పత్రికలో వచ్చింది, మిషను పెట్టినోళ్ళలో మతి తగ్గడం 48 శాతం తక్కువని. మా అమ్మ చెవుడు వచ్చాక పెళ్ళిళ్ళకి పేరంటాలకి మానేసింది, ఎవరితో మాటా లేదు, మూల కూర్చునేది. మిషను పెట్టాక మళ్ళీ మనిషయింది. రెండేళ్ళు ఊరుకున్నందుకు ఇప్పటికీ బాధపడతాను. భయపడితేనే మనోళ్ళు కదులుతారంటే భయపెట్టినా పర్లేదంటాను నేను.

పాలకొండ పిల్ల:
అక్కా, ఆ 48 శాతం సగం మాటే. నేను ఆడియాలజీ, అంటే వినికిడి పరీక్షలూ మిషన్లూ చూసే కోర్సు, చదువుతున్నాను, ఆ పేపరు మాకు క్లాసులో చెప్పారు. 70 నుంచి 84 ఏళ్ళ వాళ్ళు 977 మందిని తీసుకుని, లాటరీ వేసినట్టు సగం మందికి మిషన్లు, మిగతా సగానికి ఆరోగ్యం గురించి క్లాసులు ఇచ్చి మూడేళ్ళు చూసారు. అందర్నీ కలిపి లెక్కేస్తే రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ 48 వచ్చింది అందులో 238 మందికే, వాళ్ళు ముందునుంచీ ఒక గుండె జబ్బుల స్టడీలో ఉన్నోళ్ళు, వయసు ఎక్కువ, బీపీ షుగరు లాంటివి ఎక్కువ. మిగతా 739 మంది ఆరోగ్యంగా ఉండి వాళ్ళంతట వాళ్ళు వచ్చి చేరినోళ్ళు, వాళ్ళకి మతి తగ్గడమే నెమ్మది, మూడేళ్ళలో ఏం తేడా కనపడతాది. ఇంకోటి, ఆ 48 శాతం జ్ఞాపకశక్తి ఆలోచన టెస్టుల్లో మార్కుల లెక్క. డిమెన్షియా వచ్చిందా లేదా అని కాదు. గ్యారంటీ అన్న మాట ఆ పేపర్లో ఎక్కడా లేదు.

బొబ్బిలి మాస్టారు:
అమ్మాయి చెప్పింది సరైన మాట. నేను ఇంకాస్త ముందుకెళ్తానండి. అదే 2023లో బ్రిటన్ బయోబ్యాంక్ (లక్షలమంది ఆరోగ్య వివరాలు దాచిన చోటు) డేటాతో ఇంకో రీసెర్చ్ పేపరు వచ్చింది, మిషను పెట్టుకోని వాళ్ళకి డిమెన్షియా ఎక్కువ అని ప్రపంచమంతా న్యూస్ పేపర్లలో వేశారు. డిసెంబరుకి ఆ రీసెర్చ్ పేపరుని వెనక్కి తీసుకున్నారు, కంప్యూటర్ కోడింగులో మిషను పెట్టినోళ్ళూ పెట్టనోళ్ళూ తారుమారు అయిపోయారట. వేసింది అందరూ చదివారు, వెనక్కి తీసుకున్నది ఎంతమంది చదివారు? పింఛను మీద బతికే మనిషి దగ్గర అలాంటి మాట చెప్పి లక్ష రూపాయలు లాగడం నాకు దోపిడీ లాగే కనపడుతోంది. ఇంకో పదేళ్ళు రీసెర్చ్ జరిగి తేలేదాకా ఆగితే నష్టం ఏమిటి?

పాలకొండ పిల్ల:
మాస్టారూ, ఆగితే నష్టం ఉందండి. ఆ వెనక్కి తీసుకున్న పేపరు వేరు, ఎచీవ్ వేరు, దాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేదు. అసలు మతిమరుపు సంగతి పక్కన పెట్టీసినా ఈ అబ్బాయి వాళ్ళ నాన్నకి మాట వినపడట్లేదు కదా, మిషను దానికోసం. నేను ఒకటే గట్టిగా చెప్తాను, ఎచీవ్‌లో మిషను డబ్బా చేతికిచ్చి పంపీలేదు, ఆడియాలజిస్టు నాలుగుసార్లు గంటేసి సేపు కూర్చోబెట్టి సెట్ చేసి, ఎలా వాడాలో నేర్పించి, తర్వాత ఆర్నెల్లకోసారి పిలిచారు. షాపోడు ఆ రీసెర్చ్ పేరు చెప్పి అమ్ముతుంటే ఆ సర్వీసు కూడా ఇవ్వాలి కదా. అది లేకే మన ఊళ్ళలో చాలా మిషన్లు బీరువాల్లో ఉంటన్నాయి.

అన్నయ్యా, ముందు ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి, గుబిలి ఉంటే తీసీమనండి, కర్ణభేరికి చిల్లు ఉందేమో చూడమనండి. తర్వాత సౌండ్ రాని గదిలో ప్యూర్ టోన్ టెస్టు, అంటే ఒక్కో రకం శబ్దం ఎంత చిన్నగా ఉన్నా వినపడతాదో చూసేది, చెవికి హెడ్‌ఫోన్ పెట్టి ఒకసారి, చెవి వెనక ఎముక మీద పెట్టి ఒకసారి. మాటల టెస్టు కూడా అడగండి, తెలుగు మాటలతో. జిల్లా పెద్దాసుపత్రిలో అడగండి, అక్కడ అవ్వకపోతే వైజాగ్ పెదవాల్తేరు ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది.

సిక్కోలు ఆడపడుచు:
చెల్లీ నువ్వు చెప్పింది ఒప్పుకుంటాను, గ్యారంటీ అనడం తప్పే. కానీ ఆగండి అనే మాట మాత్రం నేను ఒప్పుకోను మాస్టారూ. మా అమ్మ మూల కూర్చున్న ఆ రెండేళ్ళు ఏ రీసెర్చీ తిరిగి ఇవ్వదు.

బొబ్బిలి మాస్టారు:
ఆ మాట నిజమేనమ్మా. ఆగమన్నది వెనక్కి తీసుకుంటున్నాను. భయపెట్టి అమ్మడం గురించి అన్నది మాత్రం తీసుకోను.

ఇజీనారం అబ్బాయి:
వారం పట్టింది, చెప్పినట్టే చేసాం. గుబిలి తీసారు, కర్ణభేరి బాగుంది. రెండు చెవులూ ఇంచుమించు ఒకేలాగ ఉన్నాయి, 500 హెర్ట్జ్ (శబ్దం లావా సన్నమా అన్న లెక్క) దగ్గర 25 డెసిబెల్స్ (ఎంత ఎక్కువుంటే అంత తక్కువ వినపడతన్నట్టు), 1000 దగ్గర 30, 2000 దగ్గర 45, 4000 దగ్గర 65, 8000 దగ్గర మళ్ళీ 55కి వచ్చింది. కాగితం చూడగానే టెస్టు చేసినావిడ మీరు ఎక్కడ పనిచేసారని అడిగింది. మిల్లు అంటే, 4000 దగ్గర ఇలగ గొయ్యి పడితే మోత వల్లే అయ్యుంటాది, ఎనిమిది గంటలకి 90 డెసిబెల్స్ దాటకూడదని ఫ్యాక్టరీ రూలు ఉంది, చెవులకి ఏమైనా ఇచ్చేవోళ్ళా అంది. దూది కూడా లేదమ్మా, సైగల్తోనే మాట్లాడుకునేవోళ్ళం అన్నారు నాన్న. మతిమరుపు గురించి అడిగితే ఈ టెస్టు దానికి కాదు అని నిదానంగా చెప్పింది, ఆ రాత్రి నిద్రపోయారు. ఒక మాట, డబ్బు చాలట్లేదు, ఒక చెవికే కొంటే సరిపోద్దా?

పాలకొండ పిల్ల:
రెండూ ఒకేలా ఉన్నాయి కాబట్టి రెండూ పెడితేనే మంచిది అన్నయ్యా, నలుగురిలో మాట అర్థం అవ్వడానికీ సౌండ్ ఎటునుంచి వస్తందో తెలియడానికీ. ఒక్క ఖరీదైన మిషను కన్నా ఈ రిపోర్టు ప్రకారం సెట్ చేసిన రెండు మామూలువి నయం. అదీ కుదరకపోతే ఒకటితో మొదలెట్టండి, కొనేముందు ఇంటికి ట్రయల్ ఇమ్మని అడగండి, టీవీ దగ్గరా వంటింట్లోనూ పెట్టి చూడమనండి.