1974 నాటి స్టైన్‌వే గ్రాండ్ పియానోకి 28,000 డాలర్లు పెట్టొచ్చా?

డాలస్ అమ్మ:
మా పాప పియానో టీచర్ తన గ్రాండ్ పియానో అమ్మేస్తున్నారు. న్యూయార్క్‌లో తయారైన స్టైన్‌వే మోడల్ ఎమ్. సీరియల్ నంబర్‌ని బట్టి 1974 నాటిది. 28,000 డాలర్లు అడుగుతున్నారు. కొత్తదాని ధర ఏటా పెరుగుతోంది కాబట్టి దీని విలువా పెరుగుతుందట. మావారు కూడా బంగారం కొన్నట్టే అంటున్నారు. ఈ లెక్క సరైనదేనా?

పాత వాయిద్యాల ప్రియుడు:
సరైనదేనండీ. 1853 నుంచి ఉన్న పేరు అది. ఎప్పుడు అమ్మినా కొనేవాళ్ళు దొరుకుతారు. షోరూముల్లో ఇంకా ఎక్కువే చెబుతున్నారు. కాస్త బేరమాడి తీసేసుకోండి.

ట్యూనర్:
నేను ఒప్పుకోను. కొత్తదాని ధర పెరిగినంత మాత్రాన పాతదాని తీగలకు పట్టిన తుప్పు పోదు. షోరూము ధరలో వాళ్ళు చేయించిన రిపేర్లు, రవాణా, వారంటీ కలిసి ఉంటాయి. టీచర్ ఇంట్లో కొంటే అవేవీ రావు.

1974 అన్నారు కాబట్టి ఒకటి తప్పక చూడాలి. 1962 నుంచి 1982 దాకా న్యూయార్క్ స్టైన్‌వేల యాక్షన్ (మీట నొక్కితే సుత్తి వెళ్ళి తీగను కొట్టేలా చేసే యంత్రాంగం) కీళ్ళలో ఉన్ని గుడ్డకు బదులు టెఫ్లాన్ బుషింగులు, అంటే కీలు లోపలి పొరలు, వేశారు. గాలిలో తేమ మారితే చెక్క ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. టెఫ్లాన్ అలా మారదు. దాంతో కొన్ని కీళ్ళు వదులై టకటకమంటాయి, కొన్ని బిగుసుకుపోతాయి. మార్పించారేమో అడగండి.

ఇక పిన్ బ్లాక్. తీగల బిగువు మొత్తం దాదాపు 20 టన్నులు. ట్యూనింగ్ పిన్నులను పట్టి ఉంచే ఆ చెక్క పట్టు వదిలితే, ట్యూన్ చేసిన కొద్ది వారాలకే శ్రుతి దిగిపోతుంది. దాన్ని మార్చాలంటే తీగలన్నీ విప్పి, ఇనప ప్లేటు పైకెత్తాలి. చాలా ఖర్చు.

పాత వాయిద్యాల ప్రియుడు:
టెఫ్లాన్ అందరినీ ఇబ్బంది పెట్టలేదు కదా? పైగా కొత్త పియానో కొన్నా మొదటి కొన్నేళ్ళలోనే ధర పడిపోతుంది. ఆ నష్టం ఎవరూ లెక్కవేయరు.

ట్యూనర్:
రెండూ నిజమే. తేమ పెద్దగా మారని ఇళ్ళలో టెఫ్లాన్ బాగానే నడిచింది. కొత్తదాని ధర దగ్గర లెక్క మొదలుపెట్టడమే తప్పంటున్నాను. మంచి స్థితిలో ఉన్న అదే మోడల్ మీ చుట్టుపక్కల ఎంత చెప్పారో కాదు, ఎంతకి అమ్ముడైందో కనుక్కోండి. దీనికి పట్టే రిపేరు ఖర్చు అందులోంచి తీసేయండి.

డాలస్ అమ్మ:
నిన్న వెళ్ళి అడిగాను. యాక్షన్ మార్పించలేదట. నాలుగైదు మీటల దగ్గర టక్‌మనే చప్పుడు నాకే వినిపించింది. పాప దానిమీదే నేర్చుకుంది, అదే కావాలంటోంది, అందుకే టెన్షన్‌గా ఉంది. శనివారం ఇక్కడి ట్యూనర్‌ని వెంటబెట్టుకుని వెళ్తున్నాను. టీచర్ సరేనన్నారు. ఆయన రిపేరు ఖర్చు ఎంతో చెప్పాకే ధర మాట్లాడతాను.