సమస్యాపూరణం: "మంత్రగత్తె కొంగు మౌని పట్టె"

నిర్వాహకుడు (తిరుపతి): ఈసారి సమస్య ఆటవెలది నాలుగో పాదం, పై మూడు పాదాలూ మీరు కూర్చాలి. సందర్భం కాస్త ఘాటు. అక్టోబరు 31న హాలోవీన్ వస్తోందంటే అమెరికాలో పెద్దల సినిమాలు తీసేవాళ్ళు కూడా ఆ వేషాలకే దిగుతారు: కోసు టోపీ, చీపురు, లోపల దీపం పెట్టిన గుమ్మడికాయ, ఒక మంత్రగత్తె, ఆమె వలలో పడడానికి సిద్ధంగా ఉన్న ఒక అమాయకుడు. ఆ షూటింగే వర్ణించండి. శరత్తు కనబడాలి, బూతు కనబడకూడదు. ఛీ ఛీ అనకండి, మేనక నాటి నుంచీ మునుల తపస్సు చెడగొట్టడం మన కవులకు అలవాటైన పనే.

పలమనేరు తమ్ముడు: అన్నా, ఇక్కడ అట్లాంటివి తీసి ఆన్‌లైన్‌లో పెడితే ఐటీ చట్టం 67ఎ కింద మొదటిసారికే 5 ఏళ్ళ దాకా జైలు, 10 లక్షల దాకా జరిమానా. పద్యానికి వర్తించదు కదా, టెన్షన్‌గా ఉంది!

చంద్రగిరి మాస్టారు:
రాలు నాకులన్ని రంగు కాగితములె
చీపురొకటి చేత చెలియ నిలిచె
గడ్డమతికి నటుడు కావి కట్టుక రాగ
మంత్రగత్తె కొంగు మౌని పట్టె

పుత్తూరు అక్క: మాస్టారూ, మొదటి పాదం బాగుంది. ఆకులు రాలే శరత్తు వాళ్ళది, మనకు రాలేది శిశిరంలో, తిరుపతిలో శరత్తంటే ఈశాన్య రుతుపవనాల వాన, గొడుగు, కపిలతీర్థం జలపాతం. కాబట్టి కాగితం ఆకులతో సెట్ వేసి తప్పించుకోవడం తెలివైన పని. కానీ గడ్డం "అతికి" ఏమిటండీ, అతికించుకుని అనాలి, గణం కోసం, అంటే ఛందస్సు లెక్క సరిపోవడానికి, క్రియను కత్తిరించేశారు. ఇంకోటి, కోసు టోపీ నల్లగౌను మంత్రగత్తెకు కొంగెక్కడిది?

శ్రీకాళహస్తి అబ్బాయి: కొంగు కావాలంటే మగవాళ్ళు చీర కట్టి వేషాలు వేసే మన తిరుపతి గంగజాతర ఉందిగా.
చీర కట్టి మగడు చిన్నది వలె రాగ
గంగ జాతరందు కన్ను చెదరె
బూది పూసుకున్న పొరుగింటి బైరాగి
మంత్రగత్తె కొంగు మౌని పట్టె

నిర్వాహకుడు: మూడో పాదం నడక చూడండి, పొరుగింటి బైరాగి అనగానే మనిషి కళ్ళముందు నిలబడ్డాడు. కానీ నాయనా, జాతర మే నెలలో, మాడు పగిలే ఎండలో, శరత్తు ఎక్కడ? పైగా జాతరలో బైరాగి వేషానికి పూసుకునేది బూది కాదప్పా, నామంకొమ్ము, అదే నామాలు పెట్టుకునే తెల్లసుద్ద. బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు. మూడు పాదాల్లో మంత్రగత్తె ఊసే లేకుండా నాలుగో పాదంలో ఊడిపడింది.

చిత్తూరు పెద్దాయన: క్రమాలంకారంలో నాదొకటి, పైన ప్రశ్నలు, చివరి పాదంలో వరసగా జవాబులు.
ఎవతె మాయ జేయు? నేది భుజము మీద?
పలుకు మాను నెవడు బదులు లేక?
నామ మెట్టి దుండు నడకదారి జనుల?
మంత్రగత్తె, కొంగు, మౌని, పట్టె

పలమనేరు తమ్ముడు: పట్టెనామం! పెద్దాయనా, దండం.

పుత్తూరు అక్క: దండం నేనూ పెడతా. కానీ ఇది సమస్యను విప్పడం కాదు, ముక్కలు చేసి పంచడం. సన్నివేశం పోయింది, శరత్తు పోయింది, వలపు మొదలే కాలేదు. ముని చెయ్యి కొంగు మీదికి ఎందుకు వెళ్ళింది? దానికి కారణం చెప్పాలి గానీ ముని చేతినే మాయం చేస్తే ఎట్లా? నాది చూడండి. మా మంత్రగత్తె నల్ల కాటన్ చీరే కట్టింది, గౌను గోల లేదు.
గుమ్మడి కడుపందు గుప్పున నెగయంగ
దివ్వె, సెగకు చెలియ దిగులు పడెను
కట్టటంచు నరవ కంగారు పడకుండ
మంత్రగత్తె కొంగు మౌని పట్టె

చంద్రగిరి మాస్టారు: అమ్మా, డైరెక్టరు "కట్" అనడం "కట్టటంచు"లో భలే ఇమిడింది. కెమెరా ఆగాక పట్టుకున్నాడు కాబట్టి అది సరసం కాదు, మంట ఆర్పడం. "గుప్పున నెగయంగ" అని పాదం విరిచి "దివ్వె" కింద పెట్టడం వల్ల ఏం ఎగసిందో అని ఒక్క క్షణం బూతే అనుకుంటాం. అరిచింది ఎవరో చెప్పలేదు, అదొక్కటే వెలితి.

నిర్వాహకుడు: నా ఓటు అక్కకే. పెద్దాయన పూరణం చమత్కారంలో ముందుంది గానీ వర్ణన అడిగితే పొడుపుకథ ఇచ్చారు. తరువాతి సమస్య తేటగీతిలో, ఘాటు లేదు, ఇంట్లో అందరిముందూ చదవొచ్చు: "గుండు దువ్వెన కొనుమని గొడవ చేసె". తిరుమల వాళ్ళకు ప్రత్యేక రాయితీ ఏమీ లేదు.